పరుపుల కొట్టులో ఊరంతా కాపురం

ఏమే నర్సమ్మా,

ఎలా ఉన్నావ్? ఉత్తరం ఆలస్యమైందని తిట్టుకోకు. హాస్టలు వాళ్ళ ఆర్డరు మీద పడి ఊపిరాడలేదు. తుమ్మితే ఇప్పటికీ ముక్కులోంచి దూదే వస్తోంది. కొట్టు కంప్యూటర్లో గబగబా కొడుతున్నా, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

నువ్వు మీ మందుల వ్యానుతో ఏటి అవతలికి పోతూ నాకు అప్పజెప్పావే, వంతెన కింద గొడుగులు బాగుచేసే ఆవిడ, మన గొడుగులమ్మ, ఆమెని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళా. నెలలు నిండుతున్నాయి, కాళ్ళు చూస్తే దిండ్లలా ఉన్నాయి. కిటికీలో గుమాస్తా తలెత్తకుండా అడిగాడు.

“అడ్రసు?”

“వంతెన కింద.”

“డోరు నంబరు?”

“తలుపుంటేగా బాబూ నంబరు!”

“అడ్రసు లేకపోతే కార్డు రాదు. కార్డు లేకపోతే డాక్టరు చూడడు. పక్కకి జరగండి.”

ఎంత బతిమాలినా బేరం కుదర్లేదే నాకు. నాకు! పూటకి ఇరవైమందితో బేరమాడే నాకు! ఆమె మాత్రం అలవాటే అన్నట్టు కొంగు దులుపుకుని వెనక్కి తిరిగింది. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు.

నీ పరుపులమ్మ

తా.క. ఆ గుమాస్తా కూర్చున్న కుర్చీలో దూది మొత్తం అణిగిపోయింది. మనిషి చిరాకు అందుకే అయ్యుంటుంది.

*

పరుపులమ్మకి,

కుర్చీ సంగతి తర్వాత. ఆమెకి బీపీ విపరీతంగా ఉంది. పురుడు ఆసుపత్రిలోనే జరగాలి, లేకపోతే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు. మా వ్యానులో ఆపరేషను చెయ్యలేం. ఎలాగోలా ఆమెకో అడ్రసు చూడు. వెంటనే.

నర్సు

తా.క. కాళ్ళ కింద దిండు పెట్టుకోమను. నీ దగ్గర దొరుకుతుందనుకుంటా.

*

బంగారు తల్లీ,

దిండు పెట్టా, అడ్రసూ చూశా! మా కొట్టు అడ్రసే ఇచ్చేశా, మా కాపురమూ అందులోనేగా. కార్డు టకీమని చేతికొచ్చింది. డాక్టరు చూశాడు, మాత్రలిచ్చాడు. ఇంత తేలికని తెలిస్తే మొదటి రోజే ఇచ్చేదాన్ని కదే!

ఆ కబురు వంతెన కింద పాకింది. చిత్తుకాగితాల తాత దగ్గుకుంటూ వచ్చాడు. కళ్ళు కనపడని అక్కా, ఆమె చెయ్యి పట్టుకుని చెల్లీ వచ్చారు. తర్వాత వంతెన మెట్ల దగ్గరుండే వాళ్ళు, ఆ తర్వాత రైలు పట్టాల పక్కవాళ్ళు. గుమ్మం ఎక్కినవాళ్ళని వట్టి చేతుల్తో పంపడం మా వంశంలో లేదు. అందరికీ ఇచ్చేశా.

నీ పరుపులమ్మ

తా.క. మా ఆయన పొద్దున తలుపు తీస్తే చిత్తుకాగితాల తాత ఎదురొచ్చి “మనమంతా ఒకింటివాళ్ళం నాయనా” అన్నాట్ట. అప్పట్నుంచి ఈయన నాతో మాట్లాడ్డం లేదు. ప్రశాంతంగా ఉంది.

*

ఒసేయ్,

నీకు మతి పోయిందా? నేను చూడమన్నది అద్దెకో గది! నీ కొట్టు అడ్రసు ఊరందరికీ పంచమన్నానా? ఎవరైనా తనిఖీకి వస్తే కార్డులన్నీ రద్దు చేస్తారు, గొడుగులమ్మది కూడా. సరిగ్గా పురుటి సమయానికి ఆమె మళ్ళీ ఆ కిటికీ ముందు నిలబడాలి. ఇక ఒక్కరికి కూడా ఇవ్వకు.

నర్సు

తా.క. మా డ్రైవరు మందులకి ఊళ్ళోకొచ్చినప్పుడు నీ అడ్రసు మీద తనకీ కార్డొచ్చిందని తెగ మురిసిపోతున్నాడు. వాడికి సొంతిల్లుందే!

*

నర్సమ్మా,

నీ నోటి చలవ, తనిఖీ వచ్చింది. కళ్ళజోడాయన, చేతిలో టేపు. కొట్టు పొడుగూ వెడల్పూ కొలిచి గుడ్లు తేలేశాడు.

“ఇంతమంది ఈ గదిలో ఎక్కడ పడుకుంటారమ్మా?”

అబద్ధం చెబుదామంటే నాలుక తిరగలేదు, నిజం చెబుదామంటే గొడుగులమ్మ కళ్ళ ముందు మెదిలింది. చేతికందిన దిండు దులపడం మొదలెట్టా. ఆయనే తలెత్తి, నేల నుంచి కప్పు దాకా పేర్చిన పరుపులు చూశాడు.

“ఒకరి మీద ఒకరా?” అన్నాడు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ.

అప్పుడే పైనున్న పరుపు మీంచి మా ఆయన కునుకు ముగించి ఆవులిస్తూ లేచి కూచున్నాడు. కళ్ళజోడాయన రెండడుగులు వెనక్కేసి, “చాలమ్మా, చాలు, కళ్ళారా చూశాను” అని, ఉన్న కార్డులన్నీ నిజమేనని రాసేశాడు! పోతూ పోతూ, “ఇప్పటికే కిక్కిరిసి ఉంది, ఈ ఇంట్లోకి కొత్తగా ఒక్కర్ని కూడా చేర్చుకోకూడదు” అని ఆర్డరేశాడు.

ఆయన మెట్లు దిగుతుంటేనే కబురొచ్చింది, గొడుగులమ్మకి నొప్పులని. ఆటో ఎక్కిస్తున్నాం. లోపలికి రానిస్తారో లేదో.

నీ పరుపులమ్మ

తా.క. కళ్ళజోడాయన దిండు కొనుక్కెళ్ళాడు. బేరం కూడా ఆడలేదు పాపం.

*

అమ్మా తల్లీ,

రానిచ్చారా లేదా? అది రాయకుండా దిండు గోల రాస్తావా? ఇక్కడ ఆ కంగారులో ఒకరి సూది ఇంకొకరికి వెయ్యబోయా. పేషెంట్లు పారిపోతున్నారు.

నర్సు

*

నర్సమ్మా,

రానిచ్చారే! కార్డు చూపించగానే తలుపులు తెరిచారు. ఆపరేషను చేశారు. ఆడపిల్ల. తల్లి క్షేమం. బిడ్డ గొంతు మాత్రం మైకు.

ఆ సంతోషంలో పసిదానికి చిన్న పరుపు తీద్దామని పరుపుల గుట్ట మీదికెక్కా. గుట్టంతా కూలింది. పరుపుల మీద పడితే ఏమయ్యేది కాదు, నేను కుట్టుమిషను మీద పడ్డా. కాలు విరిగింది.

మా ఆయన పెద్దాసుపత్రికి మోసుకొచ్చాడు. అదే కిటికీ, అదే గుమాస్తా. ఊరందరికీ ఇప్పించానుగానీ నాకు కార్డు లేదుగా, అడ్రసు చెప్పా.

“ఆ ఇల్లు నిండిపోయిందమ్మా. కొత్తవాళ్ళని చేర్చద్దని ఆర్డరు.”

“అది నా ఇల్లయ్యా!”

“అక్కణ్ణుంచి వచ్చే ప్రతివాళ్ళూ అదే అంటున్నారు. పక్కకి జరగండి.”

పక్కకి జరగమంటే ఎలా ఉంటుందో ఆ నిమిషాన తెలిసిందే. విరిగిన కాలు కూడా గుర్తు రాలేదు. ఇంతలో గొడుగులమ్మ బిడ్డనెత్తుకుని గోడ పట్టుకుంటూ వార్డులోంచి వచ్చింది. కార్డు కిటికీలో పెట్టింది.

“ఈవిడ మా ఇంట్లోనే ఉంటుంది బాబూ. నోరు పెద్దదేగానీ మంచి మనిషి. నా కార్డు మీద రాసుకోండి.”

గుమాస్తా రాసుకున్నాడు! ఇప్పుడు నా మంచానికి వేలాడే అట్ట మీద, “గొడుగులమ్మ తాలూకు మనిషి” అని ఉంది. ఆమె రోజూ వచ్చి నా కాలు కింద దిండు సర్ది పోతోంది.

నీ పరుపులమ్మ

తా.క. మా ఆయన్ని వార్డులోకి రానివ్వడం లేదు. ఇంటి యజమానినంటే ఎవరూ నమ్మలేదట. మా ఇంటిపెద్ద గొడుగులమ్మేనట, ఆమె ఊ అంటేనే ఎవర్నైనా లోపలికి వదులుతారు. ఆయన సంగతి ఆలోచిస్తానంది. నీ గురించి మాత్రం నేను గట్టిగా సిఫార్సు చేశా, ఒప్పుకుంది. ఇంతకీ, ఎప్పుడొస్తున్నావే?