పొన్నూరు బావకు మా మెట్ట చేను ఎందుకు?

పొదిలి, 1986 మే 12, సోమవారం

పొన్నూరు నుంచి అక్క మొగుడు వచ్చాడు. కాలవ కింద ఏటా వరి పండించే మనిషి, వాన పడితేనే జొన్న మొలిచే మా మెట్ట చేను అమ్మమంటాడు.

“నీళ్లు లేని నేల నీకెందుకు బావా?” అన్నాను.

“మామిడి తోట వేద్దామనిరా” అన్నాడు, ఎటో చూస్తూ.

అనుమానం వచ్చి సాయంత్రం చేనికి వెళ్లాను. గట్టు వెంట కొత్తగా సర్వే రాళ్లు పాతి ఉన్నాయి.

“ఇటు కాలవ తవ్వుతారంటగా. మీ బావ పోయిన వారమే వచ్చి చూసుకెళ్లాడు” అన్నాడు పక్క చేను రైతు.

ఇంటికొచ్చి అమ్మనని చెప్పేశాను. బావకు కోపం రాలేదు.

“పోనీలేరా, మీ తమ్ముడు తన వాటా ఇస్తానన్నాడుగా” అన్నాడు.

భోజనాల దగ్గర తమ్ముడు నా పక్కనే కూర్చున్నాడు. ఆ మాటే ఎత్తలేదు. నేనూ అడగలేకపోయాను...