ట్యాంకు కింది గది

అక్కా,

ఫోన్ చేస్తే మధ్యలో బావగారు అందుకుంటారని ఉత్తరం రాస్తున్నాను. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

నగరంలో ప్రతి మేడ ఎత్తూ లెక్కగట్టే పని మాదని నీకు తెలుసు. విమానం తీసిన ఫొటోల్లో నీడ పొడవును బట్టి ఎత్తు తేలుస్తాం. పైన నీళ్ల ట్యాంకు ఉంటే దాని ఎత్తు తీసేస్తాం, అక్కడ మనుషులుండరు కాబట్టి. నిన్న మీ వీధి నా వంతుకొచ్చింది. ఏటవాలుగా తీసిన ఫొటోలో మీ ట్యాంకు కింద ఒక కిటికీ కనిపించింది. పక్కనే ఎండలో నాన్న మడతమంచం, దాని మీద ఆయన గళ్ల దుప్పటి. "నాన్నకి మూడో అంతస్తులో గాలొచ్చే గది ఇచ్చాం" అన్నావు కదా అక్కా!

ఈ పటం అగ్నిమాపక దళం కోసం. ఏ వీధికి ఎంత పొడుగు నిచ్చెన బండి పంపాలో దీన్ని చూసే నిర్ణయిస్తారు. నేను ట్యాంకని రాస్తే, ఏదైనా జరిగిన రోజు ఆ నిచ్చెన నాన్న కిటికీకి అందదు. గది అని రాస్తే, అనుమతి లేకుండా కట్టారని ఆఫీసువాళ్లు కూల్చేయిస్తారు, బావగారు జన్మలో నా మొహం చూడరు. నువ్వూ చూడవేమోనని భయంగానే ఉంది.

"నీ ఒంటిగదిలో నీకే చోటు లేదు, మావయ్యనెక్కడ పడుకోబెడతావ్?" అని బావగారు అందరి ముందూ అన్న మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఆ రోజు నోరు మూసుకున్నాను. ఇక మూసుకోను. సోమవారం గది అనే రాస్తాను. ఆదివారం నాన్న కోసం వస్తాను. నా మంచం గోడవారకు జరిపాను, పక్కన ఇంకోటి పడుతుంది. కొలిచే చూశాను, నా పనే అది కదా.

నీ చెల్లెలు,
పొట్టి

*

పొట్టీ,

మీ అక్క నీ ఉత్తరం చదివి ఏడుస్తూ తెచ్చి నా చేతిలో పెట్టింది. "దాన్ని రమ్మని రాయి నాన్నా" అంది. దాన్నేమీ అనకు, మొగుడికీ నాకూ మధ్య నలిగిపోయింది.

అల్లుడింట్లో ఉంటూ ఇక్కడ ఉండలేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నీకు ఫోన్ చేద్దామంటే ఎవరో ఒకరు పక్కనే ఉంటారు. ఫొటోల కోసం విమానం వస్తుందని నువ్వోసారి మాటల్లో అన్నావు, గుర్తుందా? అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే మంచం బయటికి లాగి దుప్పటి పరుస్తున్నాను. నల్లులు పోవడానికని మీ బావతో చెప్పాను. నల్లులెక్కడివే పిచ్చిదానా! నువ్వు చూస్తావని.

ఉన్నదున్నట్టు రాయి. ఆదివారం పెందరాళే రా. మంచం మడిచి, దుప్పటి చుట్టి పెట్టుకుని కూర్చుంటాను.

మీ నాన్న