నీలం చేపకు లంకణం

బావ నూకరాజుకు,

త్రినాథరావు నమస్కారం. ఇక్కడ చేప తప్ప అందరూ క్షేమం. నీ మేనకోడలు తనూజ పరీక్షలకు నాగపూర్ వెళ్తూ తన నీలం బెట్టా చేపను మాకు అప్పగించింది. ఇప్పుడది పొట్ట ఉబ్బి, పక్కకు ఒరిగి, నీటిపైన తేలుతోంది. పది రోజుల్లో పిల్ల వస్తుంది. దీనికేమైనా అయితే నా మొహం చూడదు. ఇంటినిండా గాజు తొట్లు పెట్టుకున్నవాడివి, ఒకసారి వచ్చి చూడు. నాకు పగలు రైలింజన్ల షెడ్‌లో డ్యూటీ, నీకు రాత్రి డ్యూటీ. ఏం చేయాలో రాసి తొట్టి పక్కన పెట్టు.

ఇట్లు,
త్రినాథరావు

తా.క.: ఫోన్ చేయకు. ఫోన్‌లో నువ్వు మాట్లాడడం అయ్యేలోగా చేప పోతుంది.

*

బావా,

చూశాను. ఇంజన్లు బాగుచేసే చేతులకు చేపనిచ్చిన పిల్లను అనాలి. డ్యూటీకి వెళ్తూ నువ్వు మేత వేస్తావు, పూజయ్యాక చెల్లెలు వేస్తుంది, సాయంత్రం మళ్లీ నువ్వు! దాని పొట్ట దాని కన్నంత ఉంటుంది. అరగక ఉబ్బింది. రెండు రోజులు లంకణం. ఒక్క గింజ వేయొద్దు.

సర్కండా నుంచి వచ్చి చూసిన
నూకరాజు

తా.క.: తొట్టిలో తులసాకులేటి? తీసి పారేశాను. దానికి ఇంకా ఆ వేళ రాలేదు.

*

వైద్యుడైన బావకు,

లంకణం పెట్టాం. పొట్ట తగ్గలేదు సరికదా, పెరిగింది. తిండి మానేస్తే లావెక్కే జబ్బు నేనెక్కడా వినలేదు. నీకీ వైద్యం నేర్పిన యూట్యూబ్ వీడియోవాడికి చేపలున్నాయా, నోరొక్కటే ఉందా?

త్రినాథరావు

తా.క.: తులసాకులు జలుబుకని నీ చెల్లెలు కనకం వేసింది. చేపకు జలుబేమిటన్నాను. "రాత్రీపగలూ నీళ్లల్లో ఉంటే జలుబు చెయ్యదేటి?" అంది.

*

బావా,

వైద్యంలో తప్పులేదు. మీ ఇంట్లోనే దొంగ ఉంది. చెల్లెలి సంగతి నాకు తెలీదా? చిన్నప్పుడు జ్వరంతో లంకణం ఉన్న నాకు దొంగచాటుగా గారెలు తెచ్చిపెట్టింది. మేతడబ్బా నీతో షెడ్‌కు పట్టుకుపో.

నూకరాజు

తా.క.: పైనుంచి చూడు. పొలుసులు నిక్కబొడుచుకుని ఉంటే అది వేరే జబ్బు. దానికి నేను కూడా ఏమీ చేయలేను. అంటే ఎవరూ చేయలేరని.

*

బావకు,

పొలుసులు బాగానే ఉన్నాయి. మేతడబ్బా క్యారేజీతోపాటు షెడ్‌కు వస్తోంది. దొంగ అన్నందుకు కనకం నాతో మాట్లాడడం లేదు. క్యారేజీలో కూర ఉండడం లేదు. చేప మాత్రం నిన్నటికంటే బలిసింది. ఈ ఇంట్లో నీ వైద్యం పనిచేస్తున్నది నా ఒక్కడి మీదే.

త్రినాథరావు

తా.క.: షెడ్‌లో గోవిందరావు ఆ డబ్బా తెరిచి, సోంపు అనుకుని గుప్పెడు నోట్లో వేసుకున్నాడు. అతనికి ఉబ్బలేదు.

*

బావా,

ఇక ఆశ వదులుకో. చెప్పినమాట వినని ఇంట్లో చేప ఏం బతుకుతుంది? దయాల్‌బంద్‌లోని చేపల దుకాణంలో అచ్చం ఇలాంటి నీలం చేపే చూశాను. పిల్ల వచ్చేలోగా మార్చెయ్.

నూకరాజు

తా.క.: ఒక్కటే అంతు చిక్కడం లేదు. జబ్బుచేపకు ఆకలి చచ్చిపోవాలి. చెల్లెలు లోపల టీ పెట్టేలోగా, జేబులో తెచ్చుకున్న మేత రోజూ వేసి పరీక్షిస్తున్నాను. ఎంత వేసినా మిగల్చడం లేదు.

*

బావకు,

నీ తా.క. కనకానికి చదివి వినిపించాను. నాతో మాట్లాడింది. నీ గురించి ఇంకా మాట్లాడుతూనే ఉంది. మొన్నా నిన్నా నువ్వు తలుపు కొడితే తీయనిది అందుకే. చేప నిటారుగా ఈదుతోంది. ఇవాళ తనూజ వచ్చి, "ఇదేటి నాన్నా, సన్నబడిపోయింది?" అంది. వైద్యుడి పేరు నేను చెప్పలేదు.

ఇట్లు,
త్రినాథరావు

తా.క.: కనకం మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "మా అన్నియ్యని రేపు బోయినానికి రమ్మనండి. ఉత్త ఇస్తరాకేసి కూకోబెడతాను. ఆకలుందో లేదో చూస్తాను, అంతే."