స్ట్రెచరు మీద కుట్టుమిషను

నువాబాలి గ్రామం తుఫాను షెల్టరు కార్యకర్త, స్ట్రెచరు దళ నాయకుడు ధ్రువచరణ్ జెనా, బ్లాకు అభివృద్ధి అధికారి గారి సముఖమునకు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: గత తుఫాను దినమున షెల్టరు రిజిస్టరులో 41వ నంబరుగా ‘హాజరు’ అని నమోదైన నేత్రమణి బెహెరా, వయస్సు 68, ఆనాడు షెల్టరులో లేదనియు, ఆ నమోదు నా చేతిదేననియు ఒప్పుకొనుచు, ఆమె పేరును గాయపడినవారి జాబితాలో చేర్చవలెనని ప్రార్థన.

1. నేను పదకొండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. తుఫాను ముందు ఇంటింటికీ తిరిగి జాగ్రత్తలు చెప్పేది నేనే. మా ఇంట్లో అగ్గిపెట్టెలు మూత బిగించిన సీసాలో ఉంటాయి. రేషను కార్డు, భూమి కాగితాలు పాలిథీను సంచిలో ఉంటాయి. మూడు రోజులకు సరిపడా అటుకులు, బెల్లం ఒక డబ్బాలో ఎప్పుడూ సిద్ధం. ఏడేళ్ళ మా అమ్మాయి టికిని తుఫానొస్తే ఏం చెయ్యాలని అడిగితే చాలు, “ముందు మనుషులు, తరవాత మేకలు, ఆ తరవాతే సామాను” అని గడగడా అప్పజెబుతుంది. పోయిన ఏడు తమరు మా ఊరు వచ్చినప్పుడు ఆ మాట విని దానికి బిస్కట్ల పొట్లం ఇచ్చారు. ఆ పాఠం దానికి నేర్పింది నేనేనని ఇందుమూలముగా మనవి.

2. పై నేత్రమణి బెహెరాను ఊరంతా మావుసి అంటాము. నాకు వరసకు పిన్ని. ఒంటరి మనిషి. ఏటా జరిగే మాక్ డ్రిల్లులో ‘ఇంట్లో చిక్కుకుపోయిన వృద్ధురాలు’ వేషం ఆమెదే. మట్టిగోడల ఇంట్లో చాప మీద పడుకుని ఉంటుంది. మేము నలుగురం స్ట్రెచరుతో పరుగెత్తి, మోసుకొచ్చి, షెల్టరు మెట్లెక్కిస్తాము. బ్లాకు ఆఫీసు సార్లు గడియారం చూసి మార్కులు వేస్తారు.

క్రిందటేడు డ్రిల్లులో కోడి ఒకటి బియ్యం చేటలో దూరితే, మావుసి మధ్యలో లేచి దాన్ని అదిలించింది. సరిగ్గా అప్పుడే సార్లు తలుపు దగ్గరకొచ్చారు. మాకు రెండు మార్కులు తగ్గాయి. నేను నలుగురిలో ఆమెను తిట్టాను. “నీకు బుద్ధుందా మావుసీ? ఆకాశం ఊడిపడినా సరే, స్ట్రెచరొచ్చేదాకా నువ్వు కదలకూడదు. ఎవరు పిలిచినా సరే!” అన్నాను. ఆమె చిన్నపిల్లలా తలూపింది. “సరేరా, కదల్ను, అరవకు” అంది.

ఈ పేరా తమరు మరొక్కసారి చదువవలెనని కోరుచున్నాను. జరిగినదంతా ఇక్కడి నుంచే వచ్చింది.

3. రిజిస్టరు సంగతి. డ్రిల్లు రోజున సార్లు పదకొండుకు వచ్చి పన్నెండుకు వెళ్ళిపోతారు గనుక, పేర్లు, హాజరు గుర్తులు ముందురోజే టీ బడ్డీలో కూర్చుని పూర్తి చేసేయడం మా వాడుక. నిజం తుఫానుకూ అలాగే చేశాను. ముందురోజు సాయంత్రమే నూట పన్నెండు మందినీ షెల్టరులోకి ఎక్కించేశాను, కలంతో. చెయ్యి అలవాటు పడిపోయింది.

4. తుఫాను దినమున ఉదయం పది గంటలకు జనాన్ని తరలించడం మొదలుపెట్టాము. దళంలో మిగిలిన ముగ్గురిని ముసలివాళ్ళను నడిపించుకు రమ్మని పంపించి, రెండో కొస మావుసి పక్కింటివాళ్ళు పడతారులే అనుకుని, స్ట్రెచరు తీసుకుని నేను మావుసి ఇంటికే బయలుదేరాను. దారిలో మా ఇల్లు. గుమ్మంలో నా భార్య సుకాంతి నిలబడి ఉంది.

“టికీ నాన్నా, మిషను!” అంది.

ఆమె జాకెట్లు కుట్టే మిషను. మా ఇంటి పొయ్యి సగం దాని మీదే వెలుగుతుంది.

“మావుసిని తెచ్చి మళ్ళీ వస్తా.”

“మళ్ళీ ఎక్కడొస్తావు? గాలి చూశావా? ఇది నీళ్ళలో మునిగిందంటే మన నోట్లో మట్టే. మావుసికి కాళ్ళున్నాయి, నడిచొస్తుంది. దీనికి కాళ్ళున్నా నడవదు కదా!”

నాకు నవ్వొచ్చింది. అయ్యా, ఆ క్షణంలో నేను నవ్వానని కూడా రికార్డు చేయవలెను. మిషనును స్ట్రెచరు మీద కట్టి, సుకాంతి ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుని షెల్టరుకు చేర్చాము. పైన గోనెపట్టా కప్పాను, తడుస్తుందని కాదు, ఎవరైనా చూస్తారని. టికి మా వెనకే నడిచింది. మేకలను విప్పడం కూడా అదే చేసింది.

నా భార్యను నిందించుట ఈ అర్జీ ఉద్దేశం కాదు. స్ట్రెచరు బాధ్యత నాది. ఆమె అడిగింది, నేను మోశాను.

5. మిషను దింపి బయటికి వచ్చేసరికి గాలికి మనిషి నిలబడే పరిస్థితి లేదు. వీధి చివర కొబ్బరిచెట్టు అడ్డంగా పడింది. నేను వెళ్ళాలి. కాని మనసులో, ‘మావుసి వచ్చేసే ఉంటుందిలే, పక్కింటివాళ్ళు తెచ్చే ఉంటారులే’ అనుకున్నాను. రిజిస్టరు తీసి చూశాను. 41, హాజరు. అయ్యా, నా అబద్ధాన్ని నేనే చదువుకుని నేనే నమ్మాను. హాల్లోకి వెళ్ళి మనుషులను లెక్కపెట్టలేదు. ఒకటిన్నరకు తలుపులు మూశాము.

పక్కింటివాళ్ళు ఆమెను పిలిచిన మాట నిజమేనని తరువాత తెలిసింది. “రా మావుసీ, పోదాం” అంటే, “మీరు పదండి. నాకు స్ట్రెచరొస్తుంది. ధ్రువ వస్తాడు. లేచానంటే వాడికి మార్కులు పోతాయి” అన్నదట.

6. మరునాడు తెల్లారి నడుం లోతు నీళ్ళలో వెళ్ళి చూశాము. పడమటి గోడ ఆమె ఎడమ కాలి మీద పడి ఉంది. చాప మీదే ఉంది. తల కింద చెయ్యి, డ్రిల్లులో పడుకున్నట్టే. నేను చచ్చిపోయిందనుకున్నాను. కళ్ళు తెరిచింది.

“ఇంత ఆలస్యమైందేంరా? సార్లు వెళ్ళిపోయారా?” అంది.

తిట్టి ఉంటే బాగుండేది.

7. ఆరోగ్య కేంద్రం డాక్టరు గారు, “ఎముక వంకరగా అతుక్కుంటోంది. నెలలోపు కటక్ తీసుకెళ్ళి రాడ్డు వేయించకపోతే ఈమె ఇంక నడవదు” అన్నారు. గాయపడినవారి జాబితాలో పేరుంటే ప్రభుత్వమే తీసుకెళ్ళి చేయిస్తుంది. గోడ పడి కాలు విరిగిందని నేను దరఖాస్తు పెట్టాను. రిజిస్టరు సంగతి మాత్రం అందులో రాయలేదు. విచారణకు వచ్చిన తమ గుమాస్తా గారు మావుసి మంచం దగ్గర నిలబడి, “ఉదయమే షెల్టరులో ఉన్న మనిషి మీద మధ్యాహ్నం కూలిన గోడ ఎలా పడుతుందమ్మా?” అని అడిగారు. న్యాయమైన ప్రశ్న.

మావుసి నా వైపు చూసింది. నేను గుమాస్తా గారి కోసం మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని ఉన్నాను.

“గోడ కాదు బాబూ. తుఫానెళ్ళాక కోళ్ళను వెతుక్కుంటూ పోయి జారిపడ్డాను. ధ్రువ నన్ను టైముకే తెచ్చేశాడు. పుస్తకంలో రాసుంది కదా” అంది.

అప్పుడు నేను అన్న మాట ఒక్కటే. “నీళ్ళు తాగండి సార్.”

ఆమె దరఖాస్తు కొట్టేశారు. అదే వారం, మా ఊళ్ళో ఒక్కరికీ దెబ్బ తగల్లేదని మెచ్చుకుంటూ, నన్ను ఆదర్శ కార్యకర్తగా ఎన్నుకున్నట్టు తమ కార్యాలయం నుండి కాగితం వచ్చింది. సుకాంతి దాన్ని చదివి, మడిచి, మిషను సొరుగులో పెట్టి తాళం వేసింది. ఆ మిషను మీద ఆమె ఇంతవరకు ఒక్క జాకెట్టూ కుట్టలేదు. కూర్చుంటుంది, లేస్తుంది.

కావున తమరిని ప్రార్థించునది:

(అ) 41వ నంబరు ఎదుట ‘హాజరు’ కొట్టివేసి, నేత్రమణి బెహెరాను గాయపడినవారి జాబితాలో చేర్చవలెను. జాబితా ఈ నెల 15తో మూసివేస్తారని, డాక్టరు గారు చెప్పిన నెల గడువు 19తో అయిపోతుందని మనవి. మా ఊరి పేరు చెడినా సరే.

(ఆ) ఆదర్శ కార్యకర్త ప్రశంసా పత్రం నాకు ఇవ్వరాదు.

(ఇ) నన్ను స్ట్రెచరు దళం నుండి తొలగించవలెను. శిక్ష ఏదైనా వేయవలెను. తక్కువ వేయవద్దు.

నేరం చేసినవాడే సాక్షిగా నిలబడి రాసిన కాగితమని చిత్తగించవలెను.

తమ విధేయుడు (ఈ మాటకు నేను తగనని తెలిసియు, వేరే మాట తెలియక),
ధ్రువచరణ్ జెనా

తా.క. మావుసి ఇప్పుడు మా వరండాలోనే ఉంటోంది. వేలిముద్ర కోసం ఈ అర్జీ చదివి వినిపించాను. అబద్ధమాడినందుకు నన్ను తిడుతుందనుకుంటే, నిజం రాసినందుకు తిట్టింది. “పెళ్ళాం పిల్లలున్నవాడివి, ఇదంతా ఎందుకు రాశావురా వెధవా?” అంది. చివరికి (అ), (ఆ) లకు ఒప్పుకుంది. (ఇ) కి వేలిముద్ర వెయ్యనని మొండికేసింది. “నిన్ను తీసేస్తే నన్నెవరు మోస్తారు? వచ్చే డ్రిల్లులో కూడా నేనే పడుకుంటాను. ఏడాదికోసారైనా నలుగురు నా కోసం పరిగెత్తుకొస్తార్రా. ఆ నలుగుర్లో నువ్వుండాలి” అంది.

అందుచేత (ఇ) లో మొదటి వాక్యం ఆమె ఎదుటే కొట్టివేశాను. శిక్ష సంగతి అలాగే ఉంచాను. డ్రిల్లు ఏ రోజో ముందుగా తెలియజేయవద్దని కోరిక. మిషను ఇంట్లోనే ఉంటుంది, స్ట్రెచరుతో నేను ముందు మావుసి దగ్గరికే వస్తాను.