నాన్న ముఖమున్న రాయి

కినుయే వదినకు,

"ఏం మరిదీ, అద్దం బయటుంటే నీ చెయ్యి లోపలుందేం?" అని నిన్న మీరు మన ముఖాల రాళ్ళ మ్యూజియంలో అడిగారు. అద్దాల పెట్టె తుడుస్తున్నానన్నది అబద్ధం, దొంగతనానికే వచ్చాను.

మీరు రోజూ బియ్యపు సారా సాకే పోసి దండం పెట్టే మా నాన్న ముఖం రాయి ఏరు మలిచింది కాదు. ఇరవై ఏళ్ళ క్రితం నేనే చెక్కి ఏట్లో పడేశాను. "నా కళ్ళను మోసం చేసేవాడు పుట్టలేదురా" అని అన్నయ్య కోతలు కోసేవాడుగా! తీరా ఆ రాయి పట్టుకుని ఆయన ఏడిస్తే నిజం దాచేశాను.

మనిషి ఉలి తగిలిన రాయి ఇక్కడ ఉండదని అన్నయ్య గుమ్మం మీద రాసిపెట్టి మరీ చనిపోయాడు. శనివారం రాళ్ళ పండితుడు భూతద్దంతో వస్తున్నాడు. ఆ ఒక్క రాయి పట్టుబడితే అన్నయ్య నలభై ఏళ్ళు ఏరినవన్నీ దొంగరాళ్ళే అంటారు. అందుకే ఎత్తుకుపోదామనుకున్నాను.

కానీ లేపి చూస్తే, అన్ని రాళ్ళకూ ఉన్నట్టే అడుగున అన్నయ్య చేతిరాతతో చీటీ ఉంది. "దొరికిన చోటు: ఏరు. చెక్కింది: తమ్ముడు. ముక్కు బాగా కుదిరింది."

ఇన్నేళ్ళూ ఆడించింది నేను కాదు వదినా, ఆయన.

రాయిని అక్కడే ఉంచండి. శనివారం ఆ పండితుడి ముందు నేనే తిరగేసి, అన్నయ్య కళ్ళు మోసపోలేదని ఆ చీటీ చూపిస్తాను.

మీ మరిది