బకెట్టు నీళ్ళా, గొట్టం నీళ్ళా?

ఒరేయ్ తమ్ముడూ,

కులాసా కబుర్లు తర్వాత. ముందు ఇది చెప్పు. ఈ నెల నీ ఓడ నుంచి వచ్చిన సముద్రపు వేడి లెక్కలు నిజంగా బకెట్టు దించి, నీళ్ళు తోడి, థర్మామీటరు ముంచి చూసినవేనా? లేక డెక్కు మీదికి ఎక్కే ఓపిక లేక, ఇంజను చల్లబరచడానికి సముద్రంలోంచి లాగే గొట్టం నీళ్ళు చూసి రాసేశావా? ఇంజను వేడికి ఆ నీళ్ళెప్పుడూ వెచ్చగానే ఉంటాయని నీకూ తెలుసు, నాకూ తెలుసు.

నన్ను అనుమానం పక్షి అనకు. చిన్నప్పుడు తల మాత్రం తడుపుకొచ్చి "స్నానం అయిపోయిందక్కా" అన్నవాడివి నువ్వే.

అక్కడి సముద్రం నిజంగా అంత వేడెక్కితే మబ్బులన్నీ అక్కడే కురిసిపోతాయి, మనవైపు వానలు మొహం చాటేస్తాయి. ఆ మాట మా వాతావరణ ఆఫీసు తరఫున రాయాల్సింది నేనే. మా ఆఫీసరుగారు "మీ తమ్ముడి లెక్కలేగా, సంతకం పెట్టెయ్యమ్మా" అంటున్నారు. అమ్మేమో విత్తనాల సంచి గుమ్మంలో పెట్టుకుని, "వాడేమన్నాడే? చల్లెయ్యమన్నాడా?" అని రోజూ నన్ను పీక్కుతింటోంది.

నిన్న ఇంకో రెండు ఓడల లెక్కలు వచ్చాయి. అవీ నీ మాటే చెబుతున్నాయి. నాకు వాళ్ళ మీదా అనుమానమే. ఓడల వాళ్ళంతా ఒకేసారి బద్ధకించకూడదని ఎక్కడా లేదుగా!

గొట్టం నీళ్ళే చూశానని ఒక్క ముక్క రాయరా. తిట్టను, ఒట్టు.

నీ జవాబు వచ్చేదాకా సంతకం పెట్టని
అక్క