వీడియోగేమ్ పెట్టె ఇవ్వకండి

మామయ్యగారూ,

పాత సామాన్లతను వస్తే హాల్లో ఉన్న వీడియోగేమ్ పెట్టె ఇవ్వడం లేదని చెప్పి పంపేయండి. టిఫిన్ మూతపెట్టి ఉంచాను, తినగానే బీపీ మాత్ర వేసుకోండి. పెట్టె పక్కలకు వేసిన రంగు ఇంకా ఆరలేదు, ఆనుకోకండి. దాని వెనక తలుపు మాత్రం నేను వచ్చేదాకా తియ్యొద్దు. ప్లగ్గు పీకినా పిక్చర్ ట్యూబులో కరెంటు ఉంటుందని నాకు నేర్పింది మీరే.

"చెయ్యి నా మాట వినడం లేదమ్మా, దీన్ని వదిలించుకుందాం" అని నిన్న మీరన్నప్పుడు విసుగులో అన్నారనుకున్నాను. కానీ నాతో ఒక్క మాటైనా చెప్పకుండా అతన్ని రమ్మన్నారని తెలిసి మనసు చివుక్కుమంది. మీ గేమ్ పార్లర్ మూసేశాక మిగిలింది ఇదొక్కటే. పక్షవాతం వచ్చాక మీరు మళ్లీ స్క్రూడ్రైవర్ పట్టిందీ దీనికోసమే.

పొద్దున మీరు నిద్రలో ఉండగా, బోర్డు మీద ఊడిందని మీరు చూపించిన వైరును సోల్డర్ చేసి స్విచ్ వేశాను. బొమ్మ వచ్చింది మామయ్యగారూ. కాకపోతే నిలవకుండా కిందికి జారిపోతోంది. దాన్ని నిలబెట్టే మర ఎంత తిప్పాలో నాకు తెలియదు, అది మీ చేతికే తెలియాలి. సాయంత్రం మీరే తిప్పండి, వణక్కుండా మణికట్టు నేను పట్టుకుంటాను.

మీ కోడలు

రాయడం మరిచాను. మీ అబ్బాయి ఆ జారే బొమ్మతోనే ఓ ఆట ఆడి ఓడిపోయి, "నాన్న చూస్తే పరువు పోయేది" అంటూ డ్యూటీకి వెళ్లారు. మీకు ఒంట్లో బాగా లేనప్పటి నుంచి ఆయన అంతగా నవ్వడం నేను చూడలేదు.